బోనెట్ మీద బూరెల మూకుడు

"మామ్మా, ఈ ఫొటోలో కారు ముందు భాగం మీద గుండ్రంగా ఏదో బోర్లించినట్టుంది, ఏంటది?"

ఏదీ, ఇలా ఇయ్యి. కళ్ళజోడెక్కడ పెట్టేనో... ఆఁ, మెడలోనే ఉంది. ఓహో, ఇదా! మూకుడే, అమ్మడూ. బూరెలు వండుకునే ఇనప మూకుడు. మా అమ్మ నాకు సారెలో పెట్టింది. నవ్వకు, నవ్వితే చెప్పను. ఫోన్లో రికార్డవుతోందా? అయితే ఉండు, కాస్త సర్దుకుని కూర్చోనీ.

మీ తాతయ్యకి కార్ల పిచ్చి. మాది కొవ్వూరు మెయిన్ రోడ్డు మీద బియ్యం కొట్టు కదా. కొట్టు నడుపుకునేవాళ్ళు కారు కొంటే నలుగురు కూర్చునేది, వెనకాల రెండు బస్తాలు పడేసుకునేది కొనుక్కోవాలా వద్దా? ఈయన రెండే సీట్లున్న ఇంగ్లీషు కారు తెచ్చేరు. పైన గుడ్డ టాపు, కూర్చుంటే నేల మీద చాప పరుచుకు కూర్చున్నట్టుండేది. రాజమండ్రిలో ఎవరో జమీందారు గారిదిట... కాదు కాదు, తుని అవతల వాళ్ళది. రేసు కారన్నారు. మా మామగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అరబస్తా నూకలు కూడా పట్టవు గదరా ఇందులో" అని లోపలికెళ్ళిపోయేరు. ఈయనకి అదేం పట్టలేదు. ఆదివారం వస్తే చాలు, గోదావరి గట్టు మీద దుమ్ము లేపుకుంటూ తోలడమే.

అలాంటి మనిషికి నలభై నిండకుండా పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు. మాట పోలేదమ్మా, మాట బాగానే ఉంది. మాట్లాడ్డమే మానేసేరు. కారు తీసుకెళ్ళి బియ్యం గోడౌన్లో పెట్టించేరు. రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని వెళ్ళి అందులో కూర్చునేవారు, ఊరికే. దీపాలు పెట్టే వేళకి నేను వెళ్ళి తీసుకొచ్చేదాన్ని. రెండు వానాకాలాలు కదలకుండా ఉండేసరికి ఇంజన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

ఒకరోజు మామగారు భోజనం చేస్తూ, "దాళ్వా పంట బియ్యం వచ్చేస్తున్నాయి, గోడౌన్ ఖాళీ చెయ్యాలి, పాత ఇనుము కొనేవాడితో మాట్లాడేను" అన్నారు. ఆయన చెడ్డవారు కాదే, కొడుకు ఆ కారులో అలా కూర్చోడం చూడలేకపోయేవారు. ఆ కారు పోతే ఈ మనిషి నాకు దక్కడని భయం. అప్పటిదాకా మామగారి ముందు నోరెత్తింది లేదు. తలుపు చాటునుంచే అన్నాను, బియ్యం వచ్చేదాకా ఆగండీ, ఈలోపు బాగుచేయిస్తానూ అని. ఆయన చెయ్యి కడుక్కుని, "సరేనమ్మా. కానీ బస్తా లోపలికొచ్చే వేళకి అది తనంతట తను బయటికి పోవాలి. తోసుకెళ్తే కుదరదు" అన్నారు.

అప్పుడు వీర్రాజుని పిలిపించేను. లాంచీ ఇంజన్లు బాగుచేసేవాడు. రోడ్డు బ్రిడ్జి వచ్చేక లాంచీలూ పంటులూ తగ్గిపోయి, పాపం రేవులో ఖాళీగా కూర్చునేవాడు. పంటంటే తెలుసా? రెండు పడవలు కలిపి, పైన బల్లలు పరిచి, దాని మీద కార్లు దాటించేవారు. మా పెళ్ళివారు అలాగే దాటేరు. మా పెద్దాడపడుచు దాటినంతసేపూ కళ్ళు మూసుకుని నా చెయ్యి గిల్లేస్తానే ఉంది... ఏం చెప్తున్నాను? ఆఁ, వీర్రాజు. చూసి పెదవి విరిచేడు. "దీనికి సామాన్లు దొరకవండి అమ్మగారూ. తునిలో లారీ గుద్దిన అంబాసిడర్లు ఉన్నాయండి, వాటి ఇంజన్ తెచ్చి పెట్టుకోడమేనండి" అన్నాడు.

ఇంక వాడి కొలత చూడాలి. టేపు ఉండదు. లాంచీ అడుగున వంగి చీకట్లో పనిచేసే అలవాటు కదా, కొబ్బరి ఈనెలే వాడి టేపు. ఇంజన్ పట్టే చోటికి పొడుగుకొకటి, వెడల్పుకొకటి, ఎత్తుకొకటి పెట్టి చూసి, టక్కుమని విరిచి, మూడూ సీట్లో పెట్టి భోజనానికెళ్ళేడు. నేను గోడౌన్ తుడవడానికి వెళ్ళేను. సీట్లో మూడు ఈనెలు కనపడ్డాయి. మన ఇళ్ళల్లో ఈనె పారేస్తామా? తీసి చీపుర్లో గుచ్చేసేను.

వాడొచ్చి, "అమ్మగారూ, నా కొలతలేవండి?" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయేయి. నిజం చెప్తే ఏం పోయేది? వాడు మళ్ళీ విరుచుకునేవాడు, అయిదు నిమిషాల పని. మగాడి పనిలో వేలుపెట్టి చెడగొట్టిందంటారని సిగ్గు. చీపుర్లోంచి చేతికొచ్చిన మూడు ఈనెలు లాగి, ఇవే అని ఇచ్చేసేను. అంత తెలివి నాది.

వాడు తుని వెళ్ళొచ్చేలోపు ఇంకో సంగతి జరిగింది. ఎలాగూ ఈయన కాలితో క్లచ్ తొక్కలేరు, మరి తోలేదెవరు? నేనే నేర్చుకుంటానన్నాను. స్టీరింగ్ ముందు నేను, పక్క సీట్లో ఆయన. బోనెట్ కింద పనికొచ్చే ఇంజన్ లేదు, కారు కదలదు, అలాగే పాఠం. ఎడమ పక్క కూర్చుంటే బాగున్న కుడి చెయ్యి సరిగ్గా గేరు మీదకొచ్చింది. "క్లచ్" అనేవారు, నేను తొక్కితే ఆయన గేరు వేసేవారు. నాలుగో రోజు నేను తొక్కకుండానే తొక్కేనన్నాను. "అబద్ధం! తొక్కితే నాకు చేతికి తెలీదా?" అని అరిచేరు చూడు! రెండేళ్ళ తరవాత ఆ గొంతు విన్నాను. తిట్టినందుకు అంత సంతోషపడిన పెళ్ళాం ఊళ్ళో ఇంకోత్తి ఉండదు.

ఇంజన్ వచ్చింది. బస్తాలెత్తే గొలుసు దూలానికి కట్టి పాతది పైకి లాగేరు, కొత్తది దింపేరు. కొత్తదేంటిలే, అదీ పాతదే. వీర్రాజు మూడు రోజులు దిమ్మలు కోసి, వెల్డింగులు చేసి కూర్చోబెట్టేడు. తీరా బోనెట్ వేస్తే జానెడు ఎత్తున ఆగిపోయింది. వాడు తల పట్టుకున్నాడు. "తునిలో రెండున్నాయండి, ఈనెతో కొలిచి మరీ ఎత్తుది తెచ్చేనండి. పొట్టిది అప్పుడే అమ్ముడైపోయిందండి" అని వాడి కళ్ళల్లో నీళ్ళు. పదేళ్ళ పేరు పోయిందనుకున్నాడు. మర్నాడు బియ్యం బళ్ళొస్తాయి.

ఇంక ఆగలేకపోయేను. "వీర్రాజూ, నీ తప్పు లేదయ్యా. నీ ఈనెలు చీపుర్లో ఉన్నాయి. నేనిచ్చినవి వేరే" అన్నాను. ఈయనేమో సీట్లో కూర్చుని మెల్లిగా మొదలెట్టేరు, భుజాలు అదిరిపోయేలా నవ్వడం. దగ్గొచ్చేదాకా నవ్వి, "కొయ్యి వీర్రాజూ, బోనెట్ కోసెయ్యి" అన్నారు. దుమ్ము పడితే పై పంచెతో తుడిచే మనిషే, ఆ మాటన్నది. కన్నమైతే కోసేడు, మరి వానొస్తే? నేను వంటింట్లోకెళ్ళి మూకుడు తెచ్చిచ్చేను. తప్పు నాది, మూకుడూ నాదే పోనీ అన్నాను. వాడు బోర్లించి, చెవులకి బోల్టులు బిగించేసేడు.

మర్నాడు పొద్దున్నే వీధి మొదట్లో ఎడ్ల బళ్ళు ఆగి ఉన్నాయి. మామగారు అరుగు మీద. నేను చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కూర్చున్నాను. లైసెన్సా? తర్వాత వచ్చిందిలే. తాళం తిప్పితే రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి అందుకుంది. ఆయన గేరు వేసేరు, నేను క్లచ్ వదిలేను, బయటికొచ్చేసేం! మామగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళొత్తుకోడం అద్దంలో చూసేను. ఆపడం సరిగ్గా రాదు కదా, ఆపకుండా బ్రిడ్జి ఎక్కించేసేను.

బ్రిడ్జి కింది అంతస్తులో రైలెళ్ళిపోయింది. పక్కన మీ తాతయ్య చెవొగ్గి ఇంజన్ వింటున్నారు. "శబ్దం మారిపోయింది రత్నం. ఇది నా కారు కాదు" అన్నారు. ఇంత చేసీ నేను ఆయన కారుని పోగొట్టేసేనా అని ఆయన వైపు తిరిగి చూసేను. "నన్నేంటి చూస్తావు, రోడ్డు చూడు. నా కారు పోయింది, ఇది నీ కారు. క్లచ్ తొక్కు, మూడో గేరు వెయ్యాలి" అన్నారు. తొక్కేను. వేసేరు.

అలాగే పదకొండేళ్ళు తోలేం. తోలేమనే అంటాను, తోలేననను. ఆయన పోయేక ఒకరోజు ఒక్కదాన్నే కూర్చుని తాళం తిప్పేను. ఇంజన్ బాగానే అందుకుంది. క్లచ్ తొక్కేను. తొక్కి, అలా చూస్తూ కూర్చున్నాను... గేరు వెయ్యడం నాకిప్పటికీ రాదే, తల్లీ.

ఆపెయ్యి ఇంక అది. నువ్వు మాత్రం రెండూ నేర్చుకో. నీ కాలూ చెయ్యీ చల్లగా ఉండాలి.