ముప్పాతిక దగ్గర ముల్లు

అరబ్బు దేశంలోని కల్బా ఊరి శివారులో, ఓ విల్లా వెనక, మిట్టమధ్యాహ్నపు ఎండలో జనరేటర్ ఆగి ఆగి నడుస్తోంది. లోపల ముసలి యజమానురాలి ఆక్సిజన్ మిషన్‌కి అదే ఆధారం. పనావిడ ఫోన్ చేయగానే పరుగున వచ్చిన మెకానిక్ ముందు డీజిల్ ట్యాంకు మీటరు చూశాడు.

“ముల్లు ముప్పాతిక దగ్గరుంది. డీజిల్ ఉందక్కా.”

“లేదు తమ్ముడూ. గరిటెతో కొట్టి చూశాను. ఖాళీ బిందెలా మోగింది.”

“మీటరు కంటే నీ గరిటె ఎక్కువా?”

“నీ మీటరు ఇరవై రోజుల్నించీ అక్కడే ఉంది. జనరేటర్ రోజూ తాగుతానే ఉంది కదా!”

అతను మూత తీసి కర్ర దింపాడు. అది పొడిగా పైకొచ్చింది.

“యల్లా, తొందరగా డ్రైవర్‌కి ఫోన్ చెయ్యి! డీజిల్ తెమ్మను!”

“ఎప్పుడో చేశాను, దారిలో ఉన్నాడు. పెద్ద మేడమ్‌కి సిలిండర్ పెట్టాను. అరగంట కంటే ఎక్కువ రాదు.”

అతను టార్చి వేసి లోపలికి చూశాడు.

“మీటరు ముల్లుని తిప్పే తేలే బంతిని ఎవరో తీగతో పైకి కట్టేశారు. ఎవరు ముట్టుకున్నారక్కా? నిజం చెప్పు.”

“నీ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. డీజిల్ తగ్గిందనే అలారం ఊరికే మోగుతోందని పిలిస్తే నువ్వేగా బాగుచేశావు?”

అది తన సంచిలోని ఎర్ర తీగే. కొత్త పార్టు వచ్చేదాకా ఉంటుందిలే అని కట్టి, మరిచిపోయాడు.

“ఆ రోజు హాయిగా నిద్రపట్టిందని, పెద్ద మేడమ్ నీకోసం దువా కూడా చేసింది తమ్ముడూ.”