గాలి తెచ్చిందట

ఈ గాలివానకి చీపురు గాలి అని పేరు పెట్టిన మహానుభావుడెవడో గానీ, వాణ్ణి లాక్కొచ్చి మా సందులో నిలబెట్టాలి ఉమ్ సఫ్వత్! ఊడ్చిందా అది? సముద్రం ఒడ్డున ఉన్న చెత్తంతా మోసుకొచ్చి మా గుమ్మంలో పోసి పోయింది. అబ్బా, మోకాళ్ళు. మీ మెట్లు ఎక్కేసరికి నా పని అయిపోయింది.

లేదు చెల్లీ, లోపలికి రాను. ఈ గడప మీదే కూర్చుంటా. టీ వద్దు. పుదీనా వేసినా వద్దు. నీ పళ్ళెం తిరిగిచ్చేద్దామని వచ్చా, అంతే. ఉండు, ఇస్తా. గుడ్డ తీయకు. ముందు కాస్త ఊపిరి పీల్చుకోనీ.

ఎదురిల్లే కదా నీది, కిటికీలోంచి పిలిస్తే పలుకుతావు. ఈ కాస్త దూరం దాటడానికి నేను పడ్డ పాట్లు చూడాల్సింది. సందులో అడ్డంగా దస్సూకీ గారి నీళ్ళ ట్యాంకు. పడ్డప్పట్నుంచీ అక్కడే దొర్లుతోంది. పొద్దున దాని మీంచి ఎక్కి దిగుతుంటే పావడా చిరిగింది, ఇదిగో చూడు.

"హాజీ, నీ ట్యాంకు తీయించవయ్యా" అన్నాను. "నాది కాదమ్మా" అన్నాడు. కాదా! ఎర్ర పెయింటుతో దస్సూకీ అని ఇంతేసి అక్షరాలు రాసున్నాయి దాని మీద. చెయ్యి పెట్టి చూపించాను. ఏమన్నాడో తెలుసా? "ఊళ్ళో దస్సూకీని నేనొక్కణ్ణేనా?" అన్నాడు! హజ్ చేసొచ్చిన మనిషి. నుదుటి మీద నమాజు మచ్చ. ఛీ.

అదే మనిషి, అదే రోజు, తన బాల్కనీలో పడ్డ డిష్‌ని మాత్రం ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు. ఎవరిదో కొత్త డిష్. "గాలి తెచ్చింది" అన్నాడు. దేవుడు పంపాడన్నట్టు పైకి చూశాడు కూడా.

గమనించావా నువ్వు? పనికొచ్చేదైతే గాలి తెచ్చింది. పనికిరానిదైతే పక్కింటాయనది.

మా బిల్డింగు మధ్యలో వంటిళ్ళ కిటికీలన్నీ తెరుచుకునే సందు ఉంది కదా, దాని సంగతి చెప్తే నీకు వాంతొస్తుంది. పైనున్న రేకులు, పెంకులు, కుళ్ళిన బెండకాయలు, దస్సూకీ కోడలు పెంచుకునే కోళ్ళు, అన్నీ అందులో పడ్డాయి. కోళ్ళు చచ్చి ఉబ్బిపోయాయి. కిటికీ తెరిస్తే ఆ కంపు నేరుగా మా ఆయన మంచం దగ్గరికి వస్తోంది.

వాచ్‌మన్ ఇద్రీస్‌ని అడిగా. "మెట్లు ఊడ్చడం నా పని, గాలి చెత్త నా పని కాదు" అన్నాడు. సరే, అందర్నీ మెట్ల మీదికి పిలిచా. వచ్చారులే. మగాళ్ళంతా నిలబడి సిగరెట్లు ముట్టించి, నేవీ వాళ్ళని పిలవాలా, మునిసిపాలిటీ వాళ్ళని పిలవాలా అని చర్చించారు. చెత్త ఎత్తడానికి నేవీ! సిగరెట్లు అయిపోయాయి. పీకలు అదే సందులోకి విసిరి ఎవరింటికి వాళ్ళు పోయారు.

ఆఖరికి ఎవరు దిగారు? నేనే. ముక్కుకి గుడ్డ కట్టుకుని, చీపురు పట్టుకుని. ఎవరివో లోదుస్తులు కూడా దొరికాయి, చిరుగులతో సహా. వాటికి మాత్రం ఓనర్లు లేరు ఆ బిల్డింగులో. అందరూ బట్టల్లేకుండా తిరుగుతున్నారన్నమాట!

నవ్వకు. నవ్వే ఓపిక నాకు లేదు.

ఆ కంపంతా ఒక ఎత్తు, మా ఆయన గూడు ఒక ఎత్తు. మేడ మీది పావురాల గూడు గాల్లోకి లేచి బయట సందులో కూలడం నీ బాల్కనీలోంచి నువ్వూ చూసే ఉంటావు. ఆయన ట్రామ్ ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచీ ఒక్కో చెక్క తెచ్చి కట్టుకున్న గూడు. నేను ఆయన్ని మంచమ్మీద పడుకోబెట్టి కిందికి దిగేసరికి ఒక్క చెక్క లేదు! మేకులతో సహా మాయం. పళ్ళ కొట్టువాడు దాంతో అరలు కొట్టుకున్నాడు. దానిమ్మలు పేర్చుకున్నాడు కూడా. గూటి తలుపు ఉండేదే, నీలం రంగుది? అది దస్సూకీ బాల్కనీలో ఎండకి అడ్డంగా నిలబడింది. అడిగితే ఏమంటాడు? నువ్వే చెప్పు.

ఆఁ. గాలి తెచ్చింది.

ఆయనా? ఎలా ఉంటాడు? అలాగే ఉన్నాడు. గాలి మొదలవ్వగానే తాడు పట్టుకుని పైకి పరిగెత్తాడు, గూటిని కట్టేస్తానని. "బయ్యూమీ, వద్దు, ఈ వయసులో ఏంటయ్యా" అని ఒంటి మీది గల్లబీయా పట్టుకు లాగా. నా చేతిలో గుడ్డ పీలిక మిగిలింది. గూడు తలుపు ఊడింది, పావురాలన్నీ ఆరేసిన రుమాళ్ళు ఎగిరినట్టు ఎగిరిపోయాయి. వాటి వెనకాల ఈల వేస్తూ ఈయన. ఆ గాలిలో ఆ ఈల వాటికేం వినిపిస్తుంది? నిచ్చెన మీంచి పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి.

డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "ఎముకలు అతుక్కుంటాయమ్మా, తింటే. తినకపోతే ఈ మనిషి లేవడు. ఇంకోసారి ఆ మేడ ఎక్కాడంటే మాత్రం నన్ను పిలవొద్దు" అన్నాడు.

తినలేదు ఉమ్ సఫ్వత్. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పప్పు చేస్తే వద్దు. పెరుగు వద్దు. నేను చేసే మొలోఖియా ఆకు పులుసు అంటే చెయ్యి విరిగినా లేచి కూర్చునేవాడు, దాన్నీ చూడలేదు. ఒకటే మాట. "సుక్కరా వచ్చిందా?"

సుక్కరా ఎవరో నీకు చెప్పాలా? కాలికి ఈయన పూసలు కట్టిన ఆ తెల్ల ఆడపావురం. అదీ, దాని జోడు ఆ నల్లతోక రయ్యిస్. అవి రెండూ దిగితే మిగతావన్నీ వాటి వెనకే దిగుతాయని ఈయన నమ్మకం. సుక్కరా గుడ్డులోంచి బయటికొచ్చిన వారానికే దాని తల్లి చచ్చిపోయింది. మరి దాన్ని ఎలా పెంచాడో చూశావు కదా? బఠాణీలు నోట్లో వేసుకుని, నమిలి, దాని ముక్కు తన పెదాల మధ్య పెట్టుకుని తినిపించాడు! నాకు చీదరేసేది. ఇన్నేళ్ళ కాపురంలో నాకొక్క ముద్ద కలిపి పెట్టిన పాపాన పోలేదు, పిట్టకి నోటితో మేత!

దాని కాలు ఒకసారి డిష్ తీగకి చిక్కుకుని విరిగింది. అగ్గిపుల్ల కట్టి, దారం చుట్టి, రాత్రంతా దాన్ని గుండెల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. నడిస్తే ముసలి బేగంలా కుంటేది.

ఏంటి, కొంగు అలా పిండుతున్నావు? కూర్చో. నేనింకా ఏమీ అనలేదు కదా.

నిన్న ప్లేటు పంపావు. పావురాలు, కడుపులో పచ్చ గోధుమ రవ్వ కూరి వండావు, పక్కన గిన్నెలో చారు. యాలక్కాయ వాసన మెట్ల మీదే తగిలింది నాకు. ఊరంతా మా చెక్కలు ఎత్తుకుపోతుంటే, నువ్వొక్కదానివి వండి పంపావు. ఏడ్చాను తెలుసా. నిజం, నిలబడి ఏడ్చాను. ఈ సందులో మనిషన్నది ఒకటి మిగిలిందనుకున్నాను.

చారు ఆయన పెదాలకి తగిలించా. నోరు తెరిచాడు! ఇంకో చెంచా. ఇంకోటి. పళ్ళు లేవుగా, అందుకని మాంసం వేళ్ళతో మెత్తగా చిదిపి పెట్టా. గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. చెంచా నాకాడు. "ఇంకా ఉందా రౌహియా?" అన్నాడు. నా పేరు పెట్టి పిలిచాడు, ఎన్ని రోజుల తర్వాతో!

మిగిలింది నేను తిన్నా. ఆకలి మీదున్నానేమో, వేళ్ళు నాక్కున్నా. బాగుంది. సిగ్గు లేకుండా చెప్తున్నా, చాలా బాగుంది.

తర్వాత ప్లేటు కడుగుతుంటే ఇది దొరికింది.

చూడు. జేబులో పెట్టుకునే వచ్చా. భయపడకు, ఎముకే. చూశావా, ఇక్కడ వంకర? ఇక్కడ ముడి కట్టినట్టు లావుగా ఉంది చూడు. అగ్గిపుల్ల కట్టిన చోటు.

మాట్లాడకు. నాకు తెలుసు నువ్వేమంటావో. "మా మేడ మీద వాలింది, పావురాల వాళ్ళ రూలు అదే కదా" అంటావు. ఎవరి మేడ మీద వాలితే వాళ్ళదే. తెలుసు! ఆ రూలుతోనే కదా ఈయనా నీ కొడుకూ ఇన్నేళ్ళూ ఒకళ్ళ పిట్టల్ని ఒకళ్ళు లాక్కున్నారు. కానీ ఆ రూలు దేనికి? నీ గుంపు పైకి లేపి, ఈల వేసి, అవతలివాడి పిట్టని మాయచేసి దింపుకుంటే నీది. అది పందెం. అందులో మర్యాద ఉంది. గాలికి కొట్టుకొచ్చి, తడిసి, వణుకుతూ నీ గోడ మీద పడ్డ పిట్టకి రూలేంటి? దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చివ్వాలి. మీ సఫ్వత్‌కి ఈల వేయడం నేర్పింది ఎవరు? మా ఆయన కాదూ? ఆ కాలి పూసలు చూసి కూడా వాడికి తెలీలేదా అది ఎవరిదో? పూసలు తెంపేసి కదా నీ చేతికిచ్చాడు!

నీకు తెలుసా, తెలీదా, నేనడగను. తెలీక వండితే తెలివి తక్కువ. తెలిసి వండితే... తెలిసి వండి, జాలిపడి మాకో రెండు పంపావంటే, ఆ మనసుకి ఏం పేరు పెట్టాలో నాకు తెలీదు.

ఇక్కడికి వచ్చేటప్పుడు నేనేం అనుకుంటూ వచ్చానో చెప్పనా? మీ గుమ్మంలో ఉమ్మేసి, ఈ ప్లేటు మీ మెట్ల మీద పగలగొట్టి, సందంతా వినేలా మీవాణ్ణి తిట్టిపోసి వెళ్ళాలని. దస్సూకీకి వినపడాలి, పళ్ళ కొట్టువాడికి వినపడాలి. మీ మూడో అంతస్తు దాకా అదే అనుకుంటూ ఎక్కా.

ఆ తర్వాత ఆగిపోయా. మోకాళ్ళ వల్ల కాదు.

ఇదిగో, తీసుకో ప్లేటు. ఖాళీగా పంపితే ఏం మర్యాద? ఇప్పుడు గుడ్డ తీయి.

అవును, మేత. బఠాణీలు, మొక్కజొన్న, గోధుమలు. మా ఆయన కలిపి పెట్టుకున్నదే, డబ్బా అడుగున మిగిలింది. రయ్యిస్‌కి. వాడు మీ వాడి గూట్లోనే ఉన్నాడు, నాకు తెలుసు. పొద్దున మీ ఇంటి వైపు కిటికీలోంచి చూశా, మెడ ముడుచుకుని ఓ మూల కూర్చున్నాడు. ముట్టడం లేదు కదా మీ మేత? ఇది ముడతాడు. అలవాటైన మేత.

ఏంటి? తెచ్చిస్తావా? ఇప్పుడే పిలుస్తావా సఫ్వత్‌ని?

వద్దు. కూర్చోమన్నానా. వద్దు!

తీసుకెళ్ళి ఎక్కడ పెట్టను? గూడు తలుపు దస్సూకీ బాల్కనీలో ఉంది. రయ్యిస్ ఒక్కడే వచ్చాడంటే ఆయన మొదట అడిగేది సుక్కరా ఏదని. ఏం చెప్పను, నీ కడుపులో ఉందని చెప్పనా? మళ్ళీ గోడ వైపు తిరుగుతాడు. తిరగకపోతే మేడెక్కుతాడు, అది ఇంకా ఘోరం. ఈసారి పడితే నేను మోయలేను చెల్లీ. నాకు పావురాలు అక్కర్లేదు. ఆయన కావాలి. ఎంత నీచంగా ఉందో చూడు నా బతుకు, మీ వాకిట్లో కూర్చుని అడుక్కుంటున్నా.

రెండ్రోజులు వాడికి ఈ మేత బాగా పెట్టు. ఎండిపోయాడు, కాస్త కండ పట్టనీ. తర్వాత నిన్నటిలాగే వండు. యాలక్కాయ తగ్గించకు. చారు ఎక్కువ ఉంచు, ఆయనకి చారే దిగుతోంది. కాలు మాత్రం తీసేసి పంపు.

అలా చూడకు నన్ను. నీకెందుకు ఏడుపు? వండిన చెయ్యి నీది, ఏడవాల్సింది నేను. నేను ఏడవట్లేదు కదా.

నిన్న ఆయన నోట్లో పెట్టేటప్పుడు ఎలా నోరు తెరిచాడో చెప్పనా? కళ్ళు మూసుకుని, మెడ చాపి. పిట్టకి పెట్టినట్టే పెట్టా.

సరే, చెయ్యి ఇవ్వు, లేస్తా. ఆ ట్యాంకు మళ్ళీ దాటాలి. ఆయన ఈ చారు ఎక్కడిదని అడిగితేనా? అందరూ చెప్పేదే చెప్తా. గాలి తెచ్చిందంటా.