ట్రైలరెక్కిన ఎర్ర కారు

ఏం కార్లప్పా ఇవి! నేలకు పొట్ట ఆనిచ్చుకోని పండుకోనుంటాయి. మనుషులు ఎక్కేదానికి చేసినారా, చూసేదానికి చేసినారా?

పొద్దున్నించి నీకూ నాకూ మా జీతగాడు నరసింహులుకూ ముగ్గురికీ నడుములు ఇరిగిపాయ. నీ ట్రైలర్ ఎక్కించబోతే కారు మూతి పలకలకు కొట్టుకుంటాది. మూతి ఎక్కెరా దేవుడా అనుకుంటే నడిమధ్య పొట్ట తగులుకుంటాది. వాలు తగ్గాలని పలకల కింద మా ఇంట్లో మిగిలిన బేతంచెర్ల బండలు పెడితివి. ఒకటి పటుక్కున పగిలె. మళ్లా కొట్టంలోనుంచి దూలాలు మోసుకొస్తిమి. అప్పుడు గదా నీ ఇనుపతాడు తగిలించి లాగితివి. బావిలో పడిన దున్నపోతును తీసినా ఇంత కష్టం ఉండదు.

ఏందీ, నవ్వుతాండావా? నవ్వులే ఫిలిప్పూ. నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు ఈ మధ్య.

మెల్లగ పోనీ. బేగా పోయి మనం చేసేదేముంది? మా తమ్ముడు లక్ష్మీనారాయణ నీకు ఫోన్ చేసి కారు బెంగుళూరికి తోలుకపొమ్మన్న్యాడు, ఆడ ముందర భాగం మార్పిచ్చి రంగు ఏపిచ్చల్లన్న్యాడు. నాకు తెలుసు. నేనొచ్చి నీ పక్కన ఎక్కి కూర్చోని, ముందు నంద్యాలకు పోదాం పా అంటి. ఎందుకమ్మా అని గూడా నీవు అడగల్యా. మంచోనివి.

అడిగినా చెప్పేదాన్ని కాదేమోలే, ఆళ్లగడ్డ దాటేవరకూ.

ఈ కారు మా సందీప్‌ది. ఒక్కడే కొడుకు. వాళ్ల నాయన పోయినాక వాడు అడిగిందానికి నేను వద్దనింది ల్యా. చదువు మధ్యలో ఇడిసిపెడతా అన్న్యాడు, సరే అంటి. కాలువ కింద చేను అమ్మి కారు తెచ్చుకుంటా అన్న్యాడు. చేసేదానికి మనుషులు దొరకడం ల్యా, పోనీలే అంటి. తెచ్చినాడు. ఇద్దరే పట్టే కారు. 'మీ అమ్మను యాడ కూర్చోబెడతావురా?' అంటే, 'నీవు ఎక్కలేవులేమ్మా, వంగల్ల' అని నవ్వె.

ఆ కారొచ్చినాక మా ఊరి మొగదాల స్పీడ్ బ్రేకర్ దానికి అడ్డమాయ. పొట్ట గీరుకుంటాదంట. గడ్డికి పోయే ఆడోళ్లు చేలగట్టు దిగి రోడ్డెక్కేది సరిగ్గా ఆడనే. పంచాయితీ వాళ్లు వాళ్ల కోసమే ఏపిచ్చింది. మావోడు ఇద్దరు కూలోళ్లను పెట్టి గడ్డపారలతో తవ్విపిచ్చినాడు. ఊర్లో ఎవురన్నా అడిగిరా? ఎవురూ అడగల్యా. నేను అడిగితినా? నేను వాళ్లకు మజ్జిగ పోస్తి. ఎండకు పని చేస్తాండారని.

ఆ... ముందర సిరివెళ్ల వస్తాది, టీ తాగుతావా? వద్దా. సరే.

పోయిన నెల ఒకనాడు పొద్దుగూకే యాళ వచ్చినాడు. సక్కా కొట్టంలోకి కారు తోలి ఆపినాడు. మొగమంతా చెమటలు. ఏమిరా అంటే, 'పంది అడ్డమొచ్చిందిమ్మా' అన్న్యాడు. నీకూ పొద్దున పందనే చెప్పె గదా నరసింహులు? మేము చెప్పమంటేనే చెప్పినాడు పాపం. మా పక్క నల్లమల దగ్గర, పందులు నిజంగానే వస్తాయి. నేను నమ్మితి. దెబ్బ తగిల్యాదా నాయనా అని వాని చేతులు, కాళ్లు తడిమి చూస్తి. ఏం కాలే వానికి. ఒక్క గీత గూడా ల్యా.

కారు మూతి సొట్టబోయింది. ముందర జాలీలో పచ్చగడ్డి ఇరుక్కోని ఉంది. చేల్లోకి దిగిందేమోలే అనుకుంటి. చేతులు ఊరికే ఉండవు గదా నాయనా, ఆ గడ్డంతా పీకి బర్రె ముందర ఏస్తి. అది తినె.

తెల్లారినాక నరసింహులు వచ్చి చెప్పె. 'అమ్మా, జయమ్మ పోయింది. మన ఊరి మొగదాల ఏదో బండి గుద్దిందంట. గడ్డిమోపు ఎత్తుకోని వస్తాంటే.' చెప్తా వాడు నా మొగం చూల్యా. కొట్టం పక్క చూస్తాండె.

పంది నెత్తిన గడ్డిమోపు ఎత్తుకోదు గదప్పా.

ఏందీ, బండి ఆపితివి? పోనీ ఫిలిప్పూ. వెనక లారీ వాడు హారన్ కొడతాండాడు. పోనీ నాయనా. నీకేం కాదు. చెప్తా, అంతా చెప్తా.

జయమ్మ నాకేం తెలియని మనిషి కాదు. మా మిరపచేన్లో కాయలు కోసేది. కోతల్లో అందరికన్నా ముందర సాలు ముగించి, వెనకబడినోళ్ల సాల్లోకి పోయి కోసేది. మీ మాదిరే యేసును నమ్ముకున్న మనిషి. ఆదివారం కూలికి రమ్మంటే వచ్చేది కాదు, ఎంత దుడ్లు ఇస్తామన్నా. ఆయమ్మను ఆటోలో ఏసుకోని నంద్యాల ఆసుపత్రికి పోతాంటే దావలోనే పోయిందంట. ఆ ఆటో వచ్చేదానికే శానా సేపు పట్టె. మావోడు ఆపింటే కారు ఉన్న్యాది గదా అంటావా? ఉన్న్యాది. ఇద్దరు పడతారు.

చూసేదానికి పోతి. పోకుంటే బాగుండదు గదా. జయమ్మ కూతురు మేరీ, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆ పాపకు. నన్ను చూసి లేచె. లోపలికి పోయి కుర్చీ తెచ్చి ఏసె. తల్లి శవం ముందర, నాకు కుర్చీ! కూర్చుంటి. ఏం చేయల్ల మరి? ఊరంతా ఉన్న్యారు ఆడ. ఊరికి ఉండేది ఒకటే ఎర్ర కారు. ఎవురూ ఒక్క మాట అనల్యా. మేరీ గూడా అనల్యా. తిట్టింటే లేచి పోయేదాన్ని. తిట్టల్యా.

ఇంటికొచ్చి సందీప్‌ను అడిగితి. వాడు నేలమీద కూర్చోని ఒప్పుకునె. 'ఎండ కండ్లల్లో కొట్టిందమ్మా, కనపడల్యా' అన్న్యాడు. నా ఒళ్లో తల పెట్టినాడు. ఎప్పుడో చిన్నప్పుడు పెట్టింది. కనపడల్యా అంటే ఎవురేం చేస్తారు, అనుకుంటి. అంతలోనే మా తమ్ముడు వచ్చె. 'అక్కా, నీవు గమ్మునుండు, నేను చూసుకుంటా' అనె. గమ్మునుంటి. కారు మీద పట్ట కప్పిరి. బర్రెను కొట్టం ఈతల కట్టేస్తిమి. నెల రోజులు అట్లనే వండితి, వడ్డిస్తి, పాలు పిండితి. ఏం అనిపించల్యా నాకు. నిజం. రాతికి ఏం అనిపిస్తాది?

ఈ పొద్దు గూడా కారు పంపిచ్చేసి, గమ్మున ఇంట్లో పండుకుందామనే అనుకుంటి.

నీవే గదా, 'స్టీరింగ్ పట్టుకునేదానికి లోపల ఒక మనిషి కూర్చోవల్ల' అంటివి? నరసింహులును కూర్చోమంటే చేతులు వెనక్కి పెట్టుకునె. 'నేను దాంట్లో ఎక్కనమ్మా' అనె. నీవేమో తాడు కాడ ఉండావు. సందీప్ వాకిట్లోకే రాల్యా. ఇంగెవురున్న్యారు? నేనే వంగి, చీర దోపుకోని, ఎట్లనో దూరితి.

కూర్చుంటే ఎట్లుంటాదో తెలుసునా? నేలమీద కూర్చున్నట్లే ఉంటాది. కానీ అద్దం పెద్దది. నీవు ట్రైలర్ మీద నిలబడుకోని, కుడికి తిప్పమ్మా, కుడికి అని చెయ్యి ఊపుతాండావు. నీ చొక్కాకు పైగుండీ ల్యా, ఆడ పిన్నీసు పెట్టుకోనుండావు. ఆ పిన్నీసు కనపడె ఫిలిప్పూ నాకు. ముసలిదాన్ని, కండ్లకు ఆపరేషన్ అయినదాన్ని. పిన్నీసు కనపడె నాకు!

ఇంగ అప్పుడు తట్టె. మా ఊరు పెద్దరోడ్డుకు తూర్పు పక్కనుంటాది. రోడ్డు దిగి మా ఊరికి తిరిగినామంటే పొద్దుగూకే యాళ ఎండ వీపుకు కొడతాది. కండ్లల్లో యాడ కొడతాది? చిన్నప్పటినుంచి ఆ దావన నడిచినదాన్ని, నెల రోజులు ఆ మాట తట్టల్యా నాకు. తట్టల్యానో, తట్టనియ్యల్యానో.

వాడు ఏం చూస్తాండెనో ఆ పొద్దు, నాకు తెలీదు. ఫోనే చూస్తాండెనో, జయమ్మే పక్కకు తొలుగుతాదిలే అనుకునెనో. కనపడకుండా అయితే ఉండదు.

నీవు తాడు ఆపి 'దిగమ్మా' అంటివి. దిగితి. కాళ్లు కడుక్కుంటి. లోపలికి పోయి సందీప్‌కు అన్నం పెడితి. తింటాంటే చూస్తి. బయటికొచ్చి నీ బండి ఎక్కితి.

ఆ, ఆ సందులోకి తిప్పు. పోలీసోళ్ల పెద్దాఫీసు ఈడనే ఉండాల. ఆళ్లగడ్డ స్టేషన్లో అయితే మా తమ్ముడు కాఫీ తాగేలోపల వచ్చి నన్ను ఇంటికి తోలుకపోతాడు. అందుకే ఇంతదూరం తెస్తి నిన్ను. కోప్పడొద్దు. బెంగుళూరు బాడుగ నీకు నేనిస్తా. నిన్నెవురన్నా అడిగితే, 'ఆ ముసలమ్మ పొమ్మన్న్యాది, వచ్చినా' అని చెప్పు. అది నిజమే గదా.

జయమ్మ కోసం చేస్తాండానా అంటే, తెలీదప్పా. ఆయమ్మ రాదు గదా తిరిగి. మేరీకి ఏం ఒరుగుతాది? న్యాయమూ గీయమూ నాకు తెలీదు. రేపు గూడా వాని పళ్లెంలో అన్నం పెట్టల్ల గదా నేను. పెట్టలేను. అంతే.

ఉండు, ఫోను. వాడే.

ఆ, సందీపూ... ఆ, తిన్న్యాలే. కారా? బెంగుళూరు దావన ల్యా నాయనా. నంద్యాలలో ఉంది. పోలీసాఫీసు కాడ ఆపినాము... నేనే. మీ మామకు తెలీదు... అరవొద్దు. అరిస్తే ఈడ ఇనపడదు నాకు... ఊఁ. ఏడువులే. ఏడువు.

నీవూ రా నాయనా. చొక్కా మార్చుకోని రా. నేను ఈడనే అరుగు మీద కూర్చోనుంటా, నీవొచ్చేదాకా లోపలికి పోనులే.