ఎవుడి తప్పు ఆడే సెప్పుకునే మీటింగు

"మామ్మా, తాత కూడా మా ఆయన లాగే తాగీవోడంట కదా. ఆదివారం మీటింగుకి ఎల్లి మానీసినాడని అత్త సెప్పినాది. ఆ మీటింగు నీకెలగ దొరికినాది?"

తాగీవోడంటేటి, ఓలమ్మో, మామూలు తాగుడా! అలగ కూకో, ఆ సేట ఇలగ తే, రొయ్యలు ఒలుస్తా సెప్తాను. శీనుగాడు నా మనవడే గాని, నీకు పెళ్లై రెండేళ్లు కానేదు, అప్పుడే నీ మొకం వాడిపోనాది.

మీ తాత వేట నుంచి ఒడ్డుకొస్తే, వల దులపకుండా కొట్టుకాడికే ఎల్లీవోడు. సేపలు నాను గంపకెత్తుకుని ఇజీనారం బస్సెక్కీదాన్ని. అప్పుడు టిక్కెట్టు పన్నెండో, పద్నాలుగో. ఇప్పుడు ఆడోళ్లకి ఊరికినే అంట కదా, గంప మొయ్యలేని కాలంలో ఒచ్చినాది మనకి.

మానిపించడానికి నాను సెయ్యనిది నేదు. రామతీర్థం కొండెక్కి మొక్కినాను. ఎవుడో ఆకుమందిస్తే పులుసులో కలిపీసినాను. మూడు దినాలు ఇరోచనాలై మంచమెక్కినాడు, నాలుగోనాడు ఓపికొచ్చినాది, కొట్టుకే ఎల్లినాడు. మాల కూడా ఏసుకున్నాడు. నలభైయొక్క దినాలు ఎంత బుద్ధిమంతుడనుకున్నావు! మాల తీసిన సాయంత్రమే మళ్లీ మామూలే. కుక్క తోక వంకర.

ఇజీనారంలో ఒక టీచరమ్మ ఏళ్లబట్టీ నా కాడే సేపలు కొనీది. ఆళ్లాయన తాగి అరుగు మీద పడుండీవోడు, నాను దాటుకుని ఎల్లీదాన్ని. ఒకనాడు ఆయనే గిన్నట్టుకుని ఒచ్చి, సందువా సేప మొప్పలెత్తి సూసి బేరమాడతన్నాడు. "ఏటెట్టి మానిపించినారమ్మా?" అని ఆవిడ్ని సాటుగా అడిగినాను. "ఏటీ ఎట్టనేదు సింహాచలం. తాగి మానీసినోళ్లందరూ ఆదివారం సాయంత్రం ఒక సోట కూకుని మాటాడుకుంటారు, ఆ మీటింగుకి ఎల్తన్నారు" అని, బడి పక్కన గది గురుతులు సెప్పినాది.

మాటాడుకుంటే తాగుడు పోద్దేటి అనుకున్నాను. నాను ముప్పై ఏళ్లు మాటాడనేదేటి? గాని ఆ వారమే మీ తాత తాగి పడవెక్కి నీళ్లలో పడిపోనాడు. తోటోళ్లు జుట్టట్టుకుని లాగినారు. లాగినారు గాని, "ఎర్రయ్యని ఇంక పడవెక్కించుకోం" అనీసినారు. వేటకి పిలవనోడు మన వాడలో బతికున్నట్టా? టీచరమ్మ సెప్పిన మాట అప్పుడు సెవినేసినాను. ఆదివారం మీ తాతే "పద, ఎల్దాం" అన్నాడు.

ఇంక సూడు నా తెలివి. మన వాడలో తప్పు జరిగితే ఏటి సేస్తారు? పెద్దలు కూకుంటారు, తప్పు సేసినోడు తువ్వాలు నడుముకి కట్టుకుని నిలబడతాడు, ఎదుటోళ్లు ఫిర్యాదు సెప్తారు, పెద్దలు తప్పు డబ్బులు కట్టమంటారు. నాకు తెలిసిన మీటింగు అదే కదమ్మీ. ఆ గదిలో కుర్సీలు గుండ్రంగా ఏసుకుని పదిమంది దాకా కూకునున్నారు. నాను మీ తాత భుజం మీద తువ్వాలు లాగి నడుముకి కట్టి, మద్దిని నిలబెట్టీసినాను. కట్టించుకున్నాడు మారాజు. అందరికీ దండమెట్టి మొదలెట్టినాను. పెళ్లైన కాడినుంచి ఒకటొకటీ. పుస్తెలతాడు అమ్మీసిందీ, మా మరిది పెళ్లి పందిట్లో దొర్లిందీ, మీ మావ పుట్టినాడని కబురెడితే రెండో దినానికి గాని రానిదీ.

ఎవులూ ఆపనేదు. నాను ఊపిరి తీసుకున్నప్పుడు ఒక పెద్దాయన లేసి, మీ తాత నడుముకున్న తువ్వాలు ఇప్పి, భుజానేసి, తన పక్క కుర్సీలో కూకోబెట్టినాడు. "అమ్మా, మేవందరం తాగుబోతులమే. ఇక్కడ తీర్పు సెప్పీవోళ్లు నేరు. ఎవుడి తప్పు ఆడే సెప్పుకుంటాడు. నువ్వు కాసేపు బయట కూకో తల్లీ" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోనాది. మెట్ల మీద కూకున్నాను. కిటికీ తీసే ఉన్నాది. ఒకలి తరవాత ఒకలు సెప్తన్నారు, ఎవులూ నవ్వరు, ఎవులూ తిట్టరు. ఆఖర్న మీ తాత గొంతు ఇనబడినాది. "నా పేరు ఎర్రయ్య" అన్నాడు. తరవాత ఒక తప్పు సెప్పినాడమ్మీ. నాను సదివిన దండకంలో అది నేదు. అన్నేళ్లు కాపరం సేసినదాన్ని, నాకే తెలీదు. సెప్పి ఏడిసినాడు. ఇవతల నానూ ఏడిసినాను.

ఏటది అంటావా? సెప్పను. మీ అత్తకే సెప్పనేదు. తిరుగు బస్సులో మీ తాత "ఇన్నావేటే?" అన్నాడు. "ఆ రోడ్డు మీద లారీల మోతలో ఏటి ఇనపడతాది?" అన్నాను. నమ్మినాడో నేదో గాని, నా సెయ్యట్టుకున్నాడు, దిగీదాకా ఒగ్గనేదు.

ఒక్కసారికే మానీసినాడనుకోకు. రెండు మార్లు జారినాడు, మళ్లీ ఎల్లినాడు. ఇప్పుడు పడవోళ్లే ఇంటికొచ్చి సలహాలడుగుతారు. ఆదివారం ఒస్తే గెడ్డం గీసుకుని, ఇస్త్రీ సొక్కా ఏసుకుని పెళ్లికొడుకులాగ తయారు. నాకు ముద్దే మరి, ముసిల్దాన్నైతే సిగ్గేటి.

నువ్వు మట్టుకు, శీనుగాడు తాగి పడున్నప్పుడు ఫోన్లో ఈడియోలు తీసి దాస్తన్నావు కదా. నాకు తెలుసు, తల దించకు. నానూ అలగే దాసినాను, ఫోను నేక నోట్లో దాసినాను. అవి తుడిసీ. ఆడు ఎల్తానంటే తాతతో పంపు, ఈ వారం రానంటే ఒచ్చీవారం అడుగుదాం. ఒచ్చినాక లోపల ఏటి సెప్పినావని అడక్కు. ఒకేల నీ సెవినబడినా, ఇననట్టుండు. అది సానా బరువమ్మా, సేపల గంప కన్నా బరువు. మొయ్యగలిగీ బలం నీకు దేవుడివ్వాల, ఆడికి ఆ మాట నోటికొచ్చీ దినం బేగి రావాల. మంచోడేనే ఆడు, ఎదవ... మనిద్దరికీ తెలుసు కదా...