కళ్ళూ కాళ్ళూ, ఒక శెలవూ

అధ్యక్షస్థానంలో కూర్చుని, నేను మైకు దగ్గరికి రాకముందే రెండుసార్లు వాచీ చూసుకున్న మా యజమాని గారికీ, ముందు వరసలో ఉన్న పెద్దలకీ, అవసరమైతే జారుకోవచ్చని తలుపు పక్కనే కూర్చున్న తెలివైన మిత్రులకీ, పొద్దున్నుంచీ కాగితం రీళ్ళు దొర్లించి ఈ గోడౌన్ని సభగా మార్చిన మెషిన్ సెక్షన్ వాళ్ళకీ, కుట్టుసూది జేబులో పెట్టుకునే సభకొచ్చిన మా బైండరు బాబాయికీ, ఆయన పక్కన కూర్చున్న అక్క కూతురికీ నమస్కారం.

ముందు ఒక చిన్న పని ఉంది. ఇందాక చదివి నా చేతికిచ్చిన సన్మానపత్రంలో మూడు తప్పులున్నాయి. (నవ్వులు) నవ్వకండి, ముప్పై నాలుగేళ్ళ జబ్బు, ఒక్క సాయంత్రంలో తగ్గదు. 'పదవీ విరమణ'లో దీర్ఘం ఎవరో మింగేశారు. 'అర్థవంతమైన సేవ'లో థ పెట్టాల్సిన చోట ధ పెట్టారు, అంటే నేను సగం పనే చేశానని అర్థం. మూడోది, నన్ను 'మృదుస్వభావి' అన్నారు. అది అచ్చుతప్పు కాదు, పచ్చి అబద్ధం. నా పక్క బల్ల మీద పనిచేసిన వాళ్ళెవరైనా సాక్ష్యం చెబుతారు.

నా గురించి మాట్లాడమన్నారు. ఇంకొకరు రాసింది చదివి ఎర్రసిరాతో గీతలు పెట్టినవాడి గురించి ఏం మాట్లాడతాం చెప్పండి. అందుకని అక్క గురించి మాట్లాడతాను. మన ప్రెస్సులో అక్క అంటే ఒక్కరే. పదకొండు నవలలు రాసింది, పన్నెండోది అచ్చులో ఉండగా, మూడు నెలల కిందట, క్యాన్సర్‌తో పోయింది. ఆ పన్నెండో పుస్తకమే ఇందాక మీకందరికీ పంచారు. ఎవరూ అప్పుడే తెరవకండి. దాని విషయంలో నేనొక నేరం చేశాను, అది చివర్లో ఒప్పుకుంటాను. అది విన్నాక యజమాని గారు నాకిచ్చిన గోడ గడియారం వెనక్కి తీసుకున్నా నేనేమీ అనుకోను.

నేను ఇక్కడ చేరిన రెండో నెలలో అక్క మొదటి నవల వచ్చింది. అందులో ఒకావిడ గుమ్మంలో నిలబడి ఉండగా మొగుడు పోయిన కబురు వస్తుంది. 'ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది' అని అక్క రాసింది. నేను నాలుగుసార్లు చూసి పంపిన ప్రూఫులో అది 'ఆమె కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది' అని ఉంది. (నవ్వులు) వెయ్యి కాపీలు అచ్చయ్యాయి, బాబాయి కుట్టేశాడు, అట్టలు వేసేశాం. నెల తిరిగాక అక్క ఒక పత్రిక చేత్తో పట్టుకుని ప్రెస్సులోకి వచ్చి, "ఇక్కడ ప్రూఫులు చూసే భూతద్దం ఎవరు?" అని అడిగింది. ఆ పేరు నాకు అప్పుడే అంటుకుంది. నేను బల్ల కింద చోటుందా అని చూస్తున్నాను. ఆవిడ పత్రిక నా ముందు పడేసి, చదవమంది. అందులో ఒక పెద్దమనిషి రాశాడూ, ఈ రచయిత్రి ఏడుపులు పెట్టదు, మొగుడు పోయిన కబురు విని కూడా కాళ్ళు తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళిన ఆ మనిషిని నేను మరచిపోలేను, ఈ ఒక్క వాక్యం చాలు అని.

"ఈ వాక్యం ఎవరిది, నీదా నాదా?" అంది అక్క.

"దీర్ఘం నాదండీ, మిగతాదంతా మీదే" అన్నాను.

ఆవిడ అంత గట్టిగా నవ్వుతుందని నాకేం తెలుసు. మెషిన్ ఆపి మరీ అందరూ వచ్చి చూశారు. "రెండో ముద్రణలో దిద్దావంటే ఊరుకోను" అంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, "నా పుస్తకానికి పేరు తెచ్చింది నీ తప్పు. ఇకమీద తప్పు నేను పెడతాను, నువ్వు పట్టుకో తమ్ముడూ" అని పందెం వేసింది.

అన్నంత పనీ చేసింది. ప్రతి పుస్తకంలో కావాలని ఒక తప్పు దాచేది. ఒక నవలలో ఎడంచేతి వాటం దర్జీ తొమ్మిదో అధ్యాయంలో కుడిచేత్తో కత్తెర పట్టుకున్నాడు, అది పట్టుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. విజయగర్వంతో ఫోన్ చేస్తే, "ఇంత ఆలస్యమా, ఓసారి కంటి డాక్టరుకి చూపించుకో" అని పెట్టేసింది. ఇవి కాక, కావాలని చేయని తప్పు ఒకటుండేది. ఆవిడకి 'సెలవు' రాయడం రాదు. ఎప్పుడూ 'శెలవు' అనే రాసేది. నిఘంటువు తీసి చూపిస్తే, "నిఘంటువు రాసినాయన తొందరగా ఇంటికెళ్ళే రకం. శ పెడితే మనిషి గుమ్మంలో ఇంకాస్తసేపు నిలబడతాడు" అనేది. నేను కొట్టేసి స పెట్టేవాణ్ణి. ముప్పై ఏళ్ళు ఆవిడ రాయడం మానలేదు, నేను కొట్టడం మానలేదు.

(గ్లాసు ఇలా ఇవ్వండి, నీళ్ళు తాగుతాను.)

పోయినేడు ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "తమ్ముడూ, కాన్సరా, కేన్సరా, క్యాన్సరా? ఏది ఒప్పు?" అని అడిగింది. కొత్త నవల కోసమేమో అనుకుని, "క్యాన్సర్, క కింద య వత్తు" అన్నాను. "సరే. వచ్చింది ఎలాగూ వచ్చింది, కనీసం తప్పుల్లేకుండా రాసుకుందామని" అంది. నేను ముక్కు ఎగబీల్చడం వినబడినట్టుంది. "ఏడిస్తే ఏడువు గానీ, దీర్ఘం పెట్టకు" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మందుల మధ్యే పన్నెండో నవల రాసి పంపింది. పైన చిన్న చీటీ, ఈసారి నువ్వు పట్టుకోలేవు అని. నేను చూశాను. మళ్ళీ చూశాను. తప్పు లేదు. చివరి వాక్యంలో 'సెలవు' అని కూడా నిక్షేపంలా స పెట్టి రాసింది. అలా ఎందుకు రాసిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. తప్పు ఇంకెక్కడో ఉందనుకున్నాను.

ఇక అచ్చు వేయొచ్చని ప్రింట్ ఆర్డర్ మీద సంతకం పెట్టమన్నారు యజమాని గారు. రేపు అన్నాను. రోజూ సాయంత్రం ఐదున్నరకి ప్రూఫులు సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్ళి, కిటికీ పక్క మంచం దగ్గర కూర్చుని, మా పద్ధతిలో పైకి చదివేవాణ్ణి, కామా, ఫుల్‌స్టాప్, కొత్త పేరా అన్నీ కలిపి. నర్సమ్మ మొదటిరోజు నాకే బాగాలేదనుకుంది. (నవ్వులు) అక్క కళ్ళు మూసుకుని పడుకునేది. నిద్రపోయిందేమోనని ఆపితే, "ఆపావేం, కామా దగ్గరున్నాం" అనేది. లేచేటప్పుడు, "దొరికిందా?" అని అడిగేది. లేదనేవాణ్ణి. "రేపు దొరుకుతుందిలే" అనేది. అలా పంతొమ్మిది రోజులు, పుస్తకం మొత్తం నాలుగుసార్లు. ఇక్కడ యజమాని గారి కోపం, అక్కడ ఆవిడ నవ్వు. ఇరవయ్యో రోజు పొద్దున ఆవిడ పోయింది.

పుస్తకం చేత్తో పట్టుకోకుండా పోయింది. నా పట్టుదల వల్ల. ఆ మాట ఎవరూ నన్ననలేదు, నేనే అనుకున్నాను, ఇప్పుడు మీ అందరి ముందూ అంటున్నాను. ఒక్క సంతకం పెట్టి ఉంటే వారంలో పుస్తకం ఆవిడ దిండు పక్కన ఉండేది. క్షమించమని అడగడానికి అక్క ఇంటికి వెళ్ళాను. ఇదిగో, ఈ పిల్ల నాకు కుర్చీ వేసి, "మావయ్యా, అందులో తప్పు లేదు" అంది.

లేకపోవడమేమిటి అన్నాను.

"అమ్మ నిఘంటువు పక్కన పెట్టుకుని, నాచేత ప్రతి పేజీ రెండుసార్లు చూపించింది. తప్పు దొరికితే సంతకం పెట్టేసి ఇంటికి పోతాడు, దొరక్కపోతే రోజూ వస్తాడు అంది. పుస్తకం చేతికొస్తే ఒక్కసారి చూస్తాను, వాడు చదువుతుంటే రోజూ వింటాను అంది."

నేను అక్కడే కూర్చుని తుడుచుకున్నాను. కళ్ళే, దీర్ఘం లేదు.

సరే, ఇప్పుడు నేరం సంగతి. ఆ రోజు అక్కణ్ణుంచి ఈ పిల్లని వెంటబెట్టుకుని నేరుగా ప్రెస్సుకి వచ్చాను. ఇప్పుడు పుస్తకం తెరవండి, రెండువందల పన్నెండో పేజీ, ఆఖరి వాక్యం. యజమాని గారూ, మీరు లేవకండి, మీ కళ్ళజోడు నా బల్ల మీదే మరచిపోయారు, నేనే చదువుతాను. 'ఆమె అందరివైపూ ఒకసారి చూసి, శెలవు, అంది.' స కొట్టేసి శ పెట్టింది నేనే. ముప్పై నాలుగేళ్ళలో తెలిసి చేసిన తప్పు ఇదొక్కటే. ఎర్రసిరాతో దిద్ది, పక్కన ఈ పిల్లచేత కూడా సంతకం పెట్టించి, అప్పుడు ప్రింట్ ఆర్డర్ ఇచ్చాను. రెండు వేల కాపీలు. ఏం చేసుకుంటారో చేసుకోండి గానీ, రెండో ముద్రణలో దిద్దారంటే ఊరుకోను.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకందరికీ, వాచీ చూసుకోవడం మానేసిన యజమాని గారికీ, జేబులోంచి సూదికి బదులు రుమాలు తీసిన బాబాయికీ, అక్క కూతురికీ నా కృతజ్ఞతలు. పత్రికకి రాసుకునేవాళ్ళు ఇప్పుడు నేను చెప్పబోయే మాటని దిద్దకుండా, నేను పలికినట్టే రాసుకోండి. గుమ్మంలో ఇంకాస్తసేపు నిలబడాలనుంది.

శెలవు.