ఉపేంద్ర గురి ఎందుకు తప్పింది

ఉపేంద్ర తండ్రి కృష్ణమూర్తి అంకుల్‌కి, భార్య అరుణశ్రీకి, ఈ సెరంగూన్ హాలుకి వచ్చిన మీ అందరికీ నమస్కారం. పనిరోజు సాయంత్రం, ఇంత వానలో, గోడలవారగా నిలబడేంత మంది వచ్చారు. ఉపేంద్ర చూసుంటే మొహమాటపడేవాడు. ముప్ఫై ఆరేళ్ల మనిషి ఫొటోకి దండ వేసి, దాని పక్కన మైకు పట్టుకుని మాట్లాడాల్సి వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు.

నా పేరు వెంకటేశ్వర రావు. జురాంగ్ ఈస్ట్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉపేంద్రకి మేనేజర్ని. అతనికి సెలవు ఇవ్వాలన్నా, వద్దనాలన్నా నేనే.

ఇక్కడ సింగపూర్‌లో పెరిగిన మన మగపిల్లల్లాగే ఉపేంద్ర కూడా రూలు ప్రకారం రెండేళ్లు సైన్యంలో పనిచేశాడు. ఆ తర్వాత, సైన్యంలో చేసి వచ్చినవాళ్లకి ఇచ్చే రిజర్విస్ట్ శిక్షణకి ఏటా పిలుపు వచ్చేది. పిలుపు వచ్చిందంటే నాకు చిరాకు. "మళ్లీ తుపాకులాటకి బయల్దేరావా" అనేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. ఒకసారి భోజనానికి వెళ్లిన హాకర్ సెంటర్లో, ప్లేట్లో అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, రాత్రి షూటింగ్ ఎలా ఉంటుందో నాకు చెప్పాడు. కాల్పులు సాధన చేసే రేంజిలో దీపాలన్నీ ఆర్పేస్తారట. నైట్ విజన్ పరికరం ఒక కంటికి తగిలించుకుంటే లోకమంతా ఆకుపచ్చగా మారిపోతుందట. తుపాకీ మీది లేజర్ చుక్క అందులోంచి తప్ప కనిపించదట. "సార్, కనిపించడం వేరు, పోల్చుకోవడం వేరు. పోల్చుకున్నాకే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి" అన్నాడు.

అది తుపాకీ సంగతే అనుకున్నాను. కాదు, మనిషే అంత. మా తారాదేవి, అదిగో వెనక వరసలో ఉంది, ఆమె వల్ల సిస్టమ్ ఆగిపోయిందని నేను ఊగిపోతూ మెయిలు రాయబోతే, ఉపేంద్ర నన్ను ఆపాడు. కూర్చుని వెతికాడు. తప్పు తారాదేవిది కాదు, నాదని తేల్చాడు. ఆ సంగతి మూడో మనిషికి చెప్పలేదు.

ఆ నైట్ విజన్ పరికరాలు క్యాంపు దాటి తేనివ్వరు కదా. అందుకని శిక్షణకి ముందు, హౌగాంగ్‌లో వాళ్ల ఫ్లాట్‌లో లైట్లన్నీ ఆర్పి, హాల్లో బోర్లా పడుకుని, తుపాకీలా గొడుగు పట్టుకుని ఊపిరి బిగబట్టడం సాధన చేసేవాడు. అరుణశ్రీ కాలు తగిలి పడబోయి తిట్టేదట. కూతురు నిఖిల వీపెక్కి, ఇక్కడి ఇంగ్లిషు యాసలో, "నాన్నా, సో డార్క్, హౌ టు సీ లా" అనేదట. మురిపెంగా చెప్పుకున్నాడు పాపం. నేనేం చేశాను? ఆఫీసంతా చెప్పి నవ్వించాను. గొడుగు సిపాయి అని పేరు పెట్టాను.

ఈ ఏడాది శిక్షణ నుంచి దిగులుగా వచ్చాడు. రాత్రి షూటింగ్‌లో ఎడమ కంటికి పరికరం పెట్టుకుంటే ఎడమవైపు టార్గెట్ ఒక్కటీ కొట్టలేకపోయాడు. పరికరం చెడిందేమోనని మరొకటి ఇచ్చారు. అదే తీరు. కుడి కంటికి మార్చుకుంటే అన్నీ తగిలాయి. పగలు ఒక కంటి లోటుని రెండో కన్ను కప్పేసింది. ఒంటికన్నుతో చూడాల్సిన ఆ చీకట్లో బయటపడింది. వెంటనే డాక్టర్‌కి చూపించుకోమని శిక్షకుడు చెప్పాడు. మర్నాడే ఉపేంద్ర నన్ను సెలవు అడిగాడు.

నేనేమన్నాను? "చీకట్లో గురి తప్పితే డాక్టరెందుకయ్యా? ఇప్పటికే రెండు వారాలు ఆడుకుని వచ్చావు. కొత్త వెర్షన్ రిలీజు అయ్యాక చూద్దాం" అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే అన్నాను. ఇంక అడగలేదు. రిలీజు పూర్తిచేశాడు. ఆ వారమే కుర్చీలోంచి పడిపోయాడు. తలలో గడ్డ లేచి కంటి నరాన్ని నొక్కుతోందని ఆస్పత్రిలో చెప్పారు. ఇంటికి తిరిగి రాలేదు.

అంకుల్, పలకరించడానికి వచ్చినవాళ్లందరితో మీరు ఒకటే అంటున్నారు. "మావాడు ఒంటి సంగతి చూసుకోలేదు, వాడి అశ్రద్ధే వాణ్ణి తినేసింది" అంటున్నారు. నా ముందూ అన్నారు. నేను తల వంచుకుని, మీరిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. అంకుల్, మీవాడు అశ్రద్ధ చెయ్యలేదు. తన ఒంట్లో ఏదో తేడా ఉందని అందరికంటే ముందు తనే కనిపెట్టాడు. వెళ్తానన్నాడు. వెళ్లనివ్వనిది నేను. ఇంక ఎవరితోనూ ఆ మాట అనకండి. అనాల్సింది నన్ను.

నిన్న అరుణశ్రీకి ఇదంతా చెప్పాను. ముందే చూపించినా ఏమయ్యేదో చెప్పలేమన్నారు డాక్టర్లు, అంది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పు నేనెలా తీసుకోను? "మామయ్యగారితో మీరే చెప్పండి, అందరి ముందూ చెప్పండి" అంది. అందుకే వచ్చాను.

ఇప్పుడు మీరంతా దయచేసి లేవండి. అంకుల్, మీరు కూర్చోండి. ఉపేంద్రని తలుచుకుంటూ రెండు నిమిషాలు మాటలు ఆపేద్దాం. ఆ తర్వాత అందరూ కూర్చోవచ్చు. కృష్ణమూర్తి అంకుల్ కూర్చోమనేదాకా నేను నిలబడే ఉంటాను.