మందు కొట్టని మడి

హలో… ఆఁ, మెహ్జబీన్‌నే నాన్నా. నీ కూతుర్నే. ఇందాకటి నుంచి చేస్తన్నా, ఎత్తవేం ఫోను?

…కొట్లో ఉన్నావా. ఆదివారం కొట్టు మూసే ఉంటది గదా… సరే. ఊరికే కూర్చున్నావు. సరే.

నేనా? రాజుపాలెంలో ఉన్నా. గ్రేసమ్మ పెద్దమ్మ చేలో, నా మిరప మళ్ల మధ్యలో నిలబడున్నా.

…



ఒక్కటే అడుగుతా, ఉన్నది ఉన్నట్టు చెప్పు. కాలవ పక్క మడికి మందు కొట్టింది ఎవరు?

…స్ప్రేయరు బాగుచేసి ఇచ్చొచ్చావు, అది తెలుసు. పెద్దమ్మ స్ప్రేయరు, నువ్వే బాగుచేశావు, పొద్దున్నే నువ్వే తెచ్చావు. నేనడిగింది అది కాదు.

…పెద్దమ్మ చర్చికి పోయింది. ఇంకా రాలా. నీ తువ్వాలు ఇక్కడ కంచె మీద వేలాడతంది నాన్నా. పచ్చ గళ్ల తువ్వాలు. ఎవరిదంటావు అది?

…

కొట్టావు. ఒప్పుకున్నావు గదా, చాలు.

మొత్తానికా? …ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. ఒక్క చెట్టు కూడా వదల్లా. …కనపడతానే ఉందిలే ఎంత శ్రద్ధగా కొట్టావో. ఆకుల అడుగున కూడా తడిసి ఉంది. కూలికొచ్చే వాళ్లెవరూ ఇంత ఇదిగా కొట్టరు.

…మెచ్చుకోటం కాదు నాన్నా అది.

ఆ మడికి మందు కొట్టగూడదు. నాటిన కాణ్ణుంచి దాని మీద ఒక్క చుక్క పడలా. …ఎందుకంటే పురుగు తినాలి కాబట్టి. …అవును, తినాలి. తినాలనే వేశా. రోడ్డు పక్క మడికి మందు కొడతాను, కాలవ పక్క మడికి కొట్టను. రెండిట్లోనూ అవే రకాలు. ఏ రకం పురుగుకి తట్టుకుంటదో, ఏది చస్తదో తెలియాలంటే ఇంకెట్టా తెలుస్తది? …పరిశోధన అంటే ఏమనుకున్నావు, ఎర్రగా కాయలు పండించి మిర్చి యార్డుకి అమ్మకానికి తోలటమా?

…చస్తన్నాయని నాకు తెలుసు. ఆకు ముడుచుకుపోయి, పూత రాలిపోయి, నాకూ చూడబుద్ధి కావటంలా. అయినా వచ్చి, ఒక్కో పువ్వూ అరచేతిలో దులుపుకుని, దాంట్లో నల్ల తామర పురుగు ఎంతుందో చూసుకుని పోతన్నా. అదే నా పని.

ఎవరు నవ్వారు?

…ముర్తుజా మామా? పురుగుమందుల కొట్టు ముర్తుజా మామేనా? ఏమన్నాడు? …‘మన మజీదు కూతురు మిరప మీద డాక్టరు చదివి చెట్లన్నిటినీ చంపుకుంటంది’ అన్నాడా. టీ కొట్టు కాడ. పది మందిలో.

…తల కొట్టేసినట్టయింది నీకు. అయిద్దిలే. ‘అవి చావటానికే వేసింది’ అని చెప్పాలని తోచలా. …తెలియదు. నీకూ తెలియదు. సరే.

మందు కూడా ఆయనే ఇచ్చాడా? బాగుంది. నవ్వేదీ ఆయనే, మందిచ్చేదీ ఆయనే.

నన్నొక్క మాట అడిగితే పోయేది గదా. …ఫోను చేశావా? ఎప్పుడు? …అవును, నిన్నంతా మాచర్ల అవతల బసవమ్మ గారి ఊళ్లో ఉన్నా. అక్కడ సిగ్నల్ ఉండదు. …ఎత్తకపోతే కొట్టేస్తావా? రేపు నేను ఫోనెత్తకపోతే నా బదులు పరీక్ష కూడా రాసొస్తావా నాన్నా?

బోర్డు ఉంది గదా అక్కడ. ఇంత లావు అక్షరాలతో పాతిపెట్టా. …చూశావు. చూసి మరీ —

…

ఇంగ్లీషులో ఉంది.

అవును. ఇంగ్లీషులోనే ఉంది.

…సరే, అది నా తప్పు. పెద్దమ్మకి చెప్పా, కూలోళ్లకి చెప్పా, నువ్వొస్తావని నేనేమన్నా కలగన్నానా? …లేదు. నీకు చదువు రాదని నేనన్లా. ఎప్పుడూ అన్లా. మాట మార్చమాక.

ఏంది? మళ్లీ చెప్పు.

…ఎవరికీ చెప్పకుండా ఉంటే సరిపోద్దా. రేపు సార్ వచ్చేసరికి వాసన పోద్దా. ఒకసారి నీళ్లు పెట్టిస్తే తేడా తెలియదా.

నాన్నా, నా పరిశోధన చూసే రాజీవ్ సార్‌కి నీకంటే ముందు చేశా. వాసన తగలంగానే, గట్టు దిగకుండానే చేశా. …చెప్పా. ‘మా నాన్నే కొట్టినట్టున్నాడు సార్’ అని కూడా చెప్పా.

…పరువా? నీ పరువు సంగతి నాకు తెలియదా. సార్ మొన్న మనింటికొస్తే నువ్వు కుర్చీ తుడిచి వేసిన సంగతి కూడా తెలుసు. కానీ విను. ముందు విను. చెప్పకపోతే ఏమయ్యేదో విను. సార్ వస్తాడు. పురుగు చచ్చి, చెట్లు తేరుకుని ఉంటాయి. ‘అన్ని రకాలూ తట్టుకున్నాయే’ అనుకుంటాడు. అదే రాస్తాం. కింద నేను సంతకం పెడతా. ఆ రకాల్లో ఏదో ఒకటి విత్తనమై బయటికి పోద్ది. మందు తక్కువ పడుద్దంట అని నమ్మి ఎవరో ఒక రైతు వేసుకుంటాడు. అప్పుడొస్తది పురుగు.

ఆ రైతు ఎవరనుకుంటన్నావు? నౌషాద్ బాబాయ్ అనుకో. నీ తమ్ముడనుకో.

…ఎందుకు తీయగూడదు ఆయన పేరు? తీస్తా. నల్ల తామర మొదటిసారి వచ్చిన ఏడు గుర్తులేదా? నీ కొట్టు ముందు స్ప్రేయర్లు రోడ్డు దాకా వరస కట్టినియ్. నువ్వు అన్నం తినటానికి కూడా కొట్టు పైనున్న ఇంట్లోకి రాలా. బాబాయ్ ఆ కౌలు చేనుకి కొట్టని మందు లేదు. ఆఖరికి ట్రాక్టర్ తెచ్చి, పూత మీదున్న తోటని దున్నేశాడు. ఎవర్నీ పిలవలా, తనే ఎక్కి తోలాడు. ఆ రాత్రి ఇంటికి పోకుండా, పిన్నికి మొహం చూపించలేక, నీ కొట్లో బల్ల మీద పడుకున్నాడు. నేనే దుప్పటి తెచ్చి కప్పా.

మరి నేను ఈ చదువు ఎందుకు పట్టుకున్నాననుకున్నావు? గొప్ప కోసమా?

…

ఏం పోయిందా? చెప్తా ఏం పోయిందో. బసవమ్మ గారి పెరట్లో మిరప. దాని గింజలు తెచ్చి నా రకాలతో పాటు వేశా. పొట్టి చెట్టు. కాయ లావు, రంగు కూడా అంత రాదు. యార్డుకి తీసుకుపోతే దాని మొహం ఎవడూ చూడడు. కానీ పోయినేడు చుట్టూ ఉన్న రకాలన్నీ పురుగుకి మాడిపోతే, అదొక్కటే పూత నిలుపుకుంది. నేను ఎగిరి గంతేశా. సార్ నమ్మలా. ‘ఒక్క ఏడు చూసి చెప్పలేం, ఏదో కలిసొచ్చి ఉంటది, రెండో ఏడు కూడా నిలబడితే అప్పుడు మాట్లాడు’ అన్నాడు.

ఇదే నాన్నా ఆ రెండో ఏడు.

…నిలబడింది. మొన్న చూశా. పువ్వు నిండా పురుగుంది, అయినా పువ్వు రాలలా. రేపు సార్ వచ్చి తన కళ్లతో చూడాల్సింది అదే. అందుకే నిన్న బసవమ్మ గారి దగ్గరికి పోయి, ఇంకా గింజలు కావాలి అవ్వా అని అడిగొచ్చా. ఇప్పుడు సార్‌కి ఏం చూపించను? నిలబడింది దాని సత్తువ మీదా, నీ మందు మీదా? ఎవరు చెప్పగలరు? నేను చెప్పలేను. నువ్వు చెప్పగలవా?

…సార్ తిట్టలా. తిట్టినా బాగుండేది. ‘ఈ ఏడు లెక్కలోకి తీసుకోవద్దు మెహ్జబీన్, మళ్లీ వేద్దాం’ అన్నాడు. అంతే. ఫోను పెట్టేశాడు.

మళ్లీ వేద్దాం అంటే నోటితో అన్నంత తేలికా? మళ్లీ నారు పోయాలి, మళ్లీ నాటాలి, మళ్లీ పురుగు కోసం ఎదురుచూస్తా కూర్చోవాలి. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ పురుగు రాకూడదని మొక్కుకుంటంటే, నేనొక్కదాన్నే రావాలని కోరుకోవాలి. దాని పాపం కూడా నాకే.

…

ఏంది, మాట్లాడవేం?

…నాన్నా.

ఏంది ఆ చప్పుడు? దగ్గా? …అది దగ్గు కాదు. కక్కుకుంటన్నావా?

…ఎప్పట్నుంచి? …బండి మీద వచ్చేటప్పట్నుంచి. ఎన్నిసార్లు? …అందుకా ఆదివారం పూట కొట్లో కూర్చుంది? అమ్మకి కనపడకుండా?

ఆగు. తువ్వాలు ఇక్కడుంది. మరి మూతికేం కట్టుకున్నావు? …ఏం కట్టుకోలా. ఉక్కగా ఉందని తీసేశావు. చేతులకి? …గాలి ఎటు నుంచి ఉంది? …ఎదురుగాలికి కొట్టావు.

చెమటలు పడతన్నాయా? …నోట్లో నీళ్లు ఊరతన్నాయా? …కళ్లు? మసగ్గా ఉన్నాయంటే, ఎంత మసగ్గా? ఫోనులో నా పేరు కనపడిందా నీకు? …అందుకే ఎత్తలా ఇంతసేపూ. నేనేమో భయపడి ఎత్తటంలా అనుకుంటన్నా.

ఏం మందు అది? పేరు చెప్పు. …రెండోది? …రెండూ కలిపావా. ఎవరు కలపమన్నారు, మామా? …నువ్వే కలిపావు. మోతాదు? …రెట్టింపు. చెట్లు ఎట్టయినా బతకాలని.

నువ్వు స్ప్రేయర్లు బాగుచేసే మనిషివి నాన్నా. నీ కొట్టుకొచ్చిన ప్రతి రైతుకీ, మూతికి గుడ్డ కట్టుకోరా అయ్యా అని చెప్పే మనిషివి.

…ఏం కాలేదని అనమాక. ఆ మాట ఇంకోసారి అనమాక. అమ్మని పిలువు. …నువ్వు లేవమాక. కూర్చున్న కాణ్ణుంచే కేకెయ్. గట్టిగా. …వినపడకపోతే ఏదన్నా పడెయ్ చప్పుడొచ్చేట్టు. పానా పడెయ్.

…

అమ్మా? నేను, మెహ్జబీన్‌ని. విను, ఏడవమాక. పొద్దున నాన్న నా చేలో పురుగుమందు కొట్టాడు, గాలికి లోపలికి పోయింది. ముందు ఆ చొక్కా విప్పించు, ఒళ్లంతా సబ్బుతో కడుగు. చేతులు, మొహం, మెడ. …నువ్వు కూడా చేతులకి ఏదన్నా కవరు తొడుక్కో. …మజ్జిగా వద్దు, ఉప్పునీళ్లూ వద్దు. ఏం తాగించమాక.

షాకిర్ అన్న ఆటో ఉందా వీధిలో? …పిలువు. పెద్దాసుపత్రికి పోండి. మందు డబ్బాలు ఎక్కడున్నాయో అడుగు. …బండి సంచిలోనా. రెండూ పట్టుకుపో, డాక్టర్‌కి చూపించు. రెండూ.

…ఎవరు, నాన్నా? ఏమంటన్నాడు? …ఎండదెబ్బ అని చెప్పమంటన్నాడా.

పురుగుమందు అంటే పోలీసులు వస్తారనా, తాగాడనుకుంటారనా? అనుకోనియ్. అమ్మా, ఆయన మాట వినమాక. కొట్టాడు, గాలికి పోయింది, ఇదిగో మందు అని చెప్పు. ఏం మందో తెలియకుండా డాక్టర్ ఏం చేస్తాడు? సిగ్గుపడే టైమ్ కాదు ఇది.

…బయల్దేరతన్నా. స్కూటీ ఉంది. మీరు అక్కడికి పోయేసరికి నేనూ వచ్చేస్తా. …చేను ఏమైతే అయింది, దాని సంగతి వదిలెయ్.

ఆయనకివ్వు ఒక్కసారి.

…

నాన్నా.

…లేదు, కోపం పోలా. …పోదు కూడా. నువ్వట్టా గొంతు తగ్గించి మాట్లాడితే పోద్దనుకున్నావా? …తప్పయిపోయిందా. అయిపోయింది. ఇప్పుడు వద్దు ఆ మాట.

డాక్టర్ ఏం చెప్తే అది చెయ్. సెలైన్ పెడితే పెట్టించుకో, ఉండమంటే ఉండు. ఇంటికి పోతానని గొడవ చేయమాక. తేరుకుని మంచం మీద లేచి కూర్చో. అప్పుడొచ్చి ఎదురుగా కూర్చుని తిడతా. ఇప్పటిదాకా తిట్టింది ఏ మూలకీ సరిపోలా నాకు. నువ్వు విని తీరాలి.

…నేనేం ఏడవటంలా. స్కూటీ తాళం కనపడక వెతుక్కుంటన్నా.

…ఆటో వచ్చిందా? ఎక్కు. …మెల్లగా. …ఎవరన్నా ఎక్కించారా, నువ్వే ఎక్కావా?

…నువ్వే ఎక్కావు. సరే.

పొండి. పెట్టేస్తన్నా.